ఢిల్లీకి పోయిన ఏనుగులు

తిరుపతిలో లాడ్జీ గుమాస్తా దామోదరం నోరు తెరిచాడంటే, మూయించడానికి ఏడుకొండలవాడే దిగిరావాలి. ముసురు పట్టిన ఆ సాయంత్రం స్వామి దిగిరాలేదు. తిన్నె మీద కుర్చీలో దామోదరం. ఎదురుగా చాప మీద పక్కింటి వరదయ్య, పూతలపట్టు నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చిన బావమరిది గోవిందస్వామి. మధ్యలో దుప్పటి పరిచి చింతగింజల సైన్యం, దండుకొక అట్టకార్డు. చంద్రగిరి కోట ముట్టడి అనే ఆట అది. దామోదరం సొంతంగా కనిపెట్టింది.

లోపల ఆయన భార్య పంకజాక్షి అటక మీది సామానంతా మూడోసారి దించుతోంది. తన పెళ్లి పట్టుచీర అట్టపెట్టె ఉంది, మూత లేదు. ఆ మూత లోపలి వైపే రెండిళ్ల పెద్దల తిథులూ రాసిపెట్టుకుంది ఆమె. తల్లి లేని గోవిందస్వామినీ, పంకజాక్షినీ ఎత్తి పెంచింది బిడ్డలు లేని కుప్పమ్మత్త. ఇన్నేళ్లూ అత్తకు మామ తద్దినం పెట్టేవాడు. ఇప్పుడు మామా పోయాడు, ఈ ఏటి నుంచి ఆ పని గోవిందస్వామిది. "దీపావళికి ముందరని గుర్తుండాది మ్మే, తిథి నువ్వే చెప్పాల" అంటూ దానికోసమే వచ్చాడు గోవిందస్వామి.

"ఏమండీ, చీరపెట్టె మూత చూసినారా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. "ఉండు, ఉండు" అన్నాడు దామోదరం రెండుసార్లూ.

"ఈ కార్డులుండాయే, ఊరికే పుట్టలేదప్పా! గుర్రం ఎన్ని గడులు పోవాల, బాణం ఎంత దూరం పడాల అని ఆడినప్పుడల్లా కొట్లాట. సరేనని కూర్చొని దండుకొకటి రాసినా. నడక ఇంత, దెబ్బ ఇంత, గవ్వలు ఎన్ని పడితే సచ్చేది అని. ఎనిమిదే రాసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏనుగుల కార్డు జేబులో పెట్టుకొని అలిపిరి కాడ పోతా ఉంటే, కొండెక్కను వచ్చిన మిలిటరీ మేజరొకడు, మీసాలు ఇంతింత, ఆడనే నిలబడిపోయినాడు. ఇది రాసిన సెయ్యి ఎవరిదన్నాడు!"

"తెలుగులోనే?" అన్నాడు వరదయ్య.

"సైగ సేసినాడులేప్పా! ఒక్క మెట్టన్నా ఎక్కకుండా నా కార్డు తీసుకొని రైలెక్కినాడు, ఢిల్లీలో దొరలంతా బల్ల సుట్టూ కూర్చొని మూడు దినాలు అన్నం నీళ్లు మాని దాన్నే సదివినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సరిహద్దు కాడ శత్రువుల చెవిన పడింది. దెబ్బ పన్నెండు, ప్రాణాలు ఇరవై అని విన్నారో లేదో, తుపాకులు పారేసి, బూట్లు సేతబట్టుకొని ఒకటే పరుగు! ఢిల్లీ జూలో నిజం ఏనుగుకు సదివి వినిపిస్తే, సిగ్గుపడి మోకాళ్ల మీద కూర్చునిందంట!"

"దానికీ సైగేనా అప్పా?" అన్నాడు వరదయ్య.

ఈలోగా గోవిందస్వామి విసుగొచ్చి గుర్రాల కార్డు తీసి, ఊరికే అటూ ఇటూ తిప్పాడు. "పంకజా! ఇది నీ రాత కాదా?"

ఆమె వచ్చి చూసింది. కార్డు వెనక, 'కుప్పమ్మత్త – ఆశ్వయుజ బహుళ'. అంతవరకే. ఆ తర్వాత కత్తెర.

పంకజాక్షి గొంతు పెంచలేదు. పదిహేనేళ్ల కాపురంలో ఎన్నడూ పెంచలేదు. దుప్పటి మీది కార్డులన్నీ ఏరి ఒక్కొక్కటే తిప్పింది. విలుకాళ్ల వెనక అత్తగారు, కాల్బలం వెనక తాత. అందరూ సగం సగం.

"ఒక పక్క ఖాళీగా ఉంటే కోసినా. వెనక ఏముండాదో సూడలే" అని గొణిగాడు దామోదరం.

"ఇవి ఏడే. ఏనుగులు యాడ?"

"ఢిల్లీలో కదమ్మా!" అన్నాడు వరదయ్య.



"అట్లయితే సరే," అంది పంకజాక్షి మెల్లగా. "అన్నా, నువ్వు రైలెక్కు. ఆ మేజరు ఇంట్లోనే విస్తరి ఏసి, అత్త తద్దినం ఢిల్లీలోనే పెట్టేసి రా. తిథి ఆ ఏనుగుల వెనకాల ఉండాది."

చూరు నీళ్లు కారుతున్నాయి. దామోదరం కొండ వైపు ఒకసారి చూశాడు, పెళ్లాం వైపు చూడలేక లేచాడు. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. వంగి, దాని కుంటికాలి కింద రెండు మడతలు పెట్టి దోపిన అట్టముక్కను లాగి ఆమె చేతిలో పెట్టాడు.

మడత విప్పి, గుర్రాల పక్కన ఆనించింది. 'పంచమి.'

"ఎల్లుండే అన్నా" అంది. ఎనిమిది కార్డులూ కళ్లకద్దుకొని, కొంగులో కట్టుకొని లోపలికి పోయింది.

వరదయ్య కుర్చీని వేలితో కదిపి చూశాడు. అది టకటక ఊగింది.

"దేశాన్ని కాపాడిన ఏనుగు ఇంతసేపూ మోసింది నిన్నేనా, దామోదరప్పా?"