అర్జీ పెట్టని వాళ్ల కోసం

వేదిక మీదున్న కమిషనర్ నాగజ్యోతి గారికి, ఈ సాయంత్రం మనందరినీ ఒక్కచోట చేర్చిన ఖాజా పీర్ సారుకు, ఆయన పక్కన దండ బరువుకు ఇబ్బంది పడుతున్న వారి శ్రీమతి మస్తాన్‌బీ అమ్మకు, ఆళ్లగడ్డ పురపాలక కార్యాలయంలోని తోటి ఉద్యోగులకు, ఉలి పక్కన పెట్టి వచ్చిన శిల్పుల వీధి పెద్దలకు, వెనక వరుసలో కూర్చున్న కమలాక్షమ్మ టీచరు గారికి నమస్కారం.

నా పేరు రెబెకా. ఇక్కడ వార్డు ప్లానింగ్ కార్యదర్శిని. నాకు మైకు అలవాటు లేదు. నంద్యాల కాన్వెంటులో చదువుకున్నన్నాళ్లూ నేను వేదిక ఎక్కింది ఒక్కసారే, క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్లగా. ఆ గొర్రెపిల్లకు మాటలు లేవు. (నవ్వులు) అందుకే నిన్న సారు దగ్గరికి వెళ్లి, నేను రాసిస్తాను, ఇంకెవరైనా చదువుతారు అన్నాను. "రాసేది నువ్వు, చదివేది ఇంకొకరా? సోమవారం ఎట్లయినా నోరు తెరవాల్సిందే కదమ్మా, ఈడ నేర్చుకో" అన్నారు.

సోమవారం మన ఊరి మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాల విచారణ. శిల్పుల వీధి వాళ్లు ఉన్నచోటనే ఉండి, చేసుకునే పని చేసుకుంటూ బతకవచ్చా లేదా అన్నది ఆ రోజు తేలుతుంది. మా ప్లానింగ్ సూపర్‌వైజర్‌గా సారు ఈ రోజుతో రిటైరయ్యారు. కొత్త సూపర్‌వైజర్ ఇంకా రాలేదు. ఆ ఫైలు నా బల్ల మీద ఉంది.

ఇళ్లున్న చోటికి పసుపు, ఫ్యాక్టరీలకు ఊదా, ఇలా ఊరి పటానికి రంగులు వేసి, ఏ రంగులో ఏం కట్టవచ్చో చెప్పేదాన్ని జోనింగ్ అంటారు. పరీక్ష కోసం ఆ నియమాలన్నీ నేను కంఠస్థం పట్టాను. అవి ఎవరికోసం ఉన్నాయో సారుతో మొదటిసారి తనిఖీకి వెళ్లినప్పుడు తెలిసింది. మిల్లు పెట్టుకుంటానని ఒకాయన అర్జీ పెట్టాడు, గుమ్మంలో కుర్చీలు వేసి కూల్‌డ్రింకులు తెప్పించి ఎదురుచూస్తున్నాడు, సారు మాత్రం ఆయనకొక దండం పెట్టి నేరుగా పక్కింటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నారు, ఆ ఇంటామె మజ్జిగ ఇస్తే తాగుతూ ఎండ ఎటునుంచి వస్తుంది, పిల్లలు ఎక్కడ పడుకుంటారు, బోరు ఎంత లోతు అని చుట్టాల ఇంటికి వచ్చినట్టు అడుగుతూ ఉండిపోయారు. తిరిగొచ్చేటప్పుడు చెప్పారు. "అర్జీ పెట్టినోడు నీకు కుర్చీ వేస్తాడు, వాని కష్టం వాడు చెప్పుకుంటాడు. పక్కింటోళ్లకు నువ్వొచ్చేది కూడా తెలీదు. అర్జీ పెట్టనోళ్ల కోసమేమ్మా ఈ రూల్సు. ముందు ఆడికి పోవాల."

మా ఇద్దరి ఇళ్లూ నంద్యాలలోనే కాబట్టి రోజూ ఒకే బస్సు. నా అసలు చదువు ఆ బస్సులోనే జరిగింది. సిరివెళ్ల దాటేదాకా సారు పేపరు చదివేవారు, ఆ తర్వాత కిటికీలోంచి చూపిస్తూ పాఠం మొదలు. "ఆ కల్యాణమండపం చూడు. పెండ్లికి పర్మిషన్ తీసుకున్యాడు, బండ్లకు తీసుకోలే." (నవ్వులు) పెళ్లిళ్ల రోజుల్లో మా బస్సు అక్కడ ఆగిపోయినప్పుడల్లా వెనక్కి తిరిగి నా ముఖం చూసి, తానేమీ అననట్టు కళ్లద్దాలు తుడుచుకునేవారు. ఇప్పుడు ఆ మండపం దాటుతున్నప్పుడు నాకు నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది.

ఒకరోజు అదే బస్సులో నా బడి గురించి చెప్పాను. మా తరగతి కిటికీ పక్కనే రంపం మిల్లు ఉండేది. దుంగ కోసినప్పుడల్లా సిస్టర్ పాఠం ఆపి, సుద్దముక్క పట్టుకుని కళ్లు మూసుకునేది. ఒక వేసవి సెలవుల తర్వాత వచ్చి చూస్తే మిల్లు లేదు. ఆ నిశ్శబ్దంలోనే నేను పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. సిస్టర్ ప్రార్థన ఫలించిందని మేమంతా నమ్మాం. సారు పేపరు మడిచారు. తర్వాత మెల్లగా, "ఆ మిల్లును ఊరి బయటికి పంపించినప్పుడు నేను ఆడనే పనిచేస్తాంటి. నోటీసు నేనే ఇచ్చినా. ఆ మిల్లాయప్ప నన్ను తిట్టని తిట్టు లేదు. సిస్టరు ప్రార్థన కూడా చేసుంటాదిలే, రెండూ కలిసి పనిచేసినట్టుండాయి" అన్నారు. (నవ్వులు) సార్, మీరు నవ్వించారు కాబట్టి ఆ రోజు నేను కృతజ్ఞత చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక శిల్పుల వీధి. పటం గీసే పని తీసుకున్న కంపెనీ వాళ్లు మన ఊరికి రాలేదు. ఉపగ్రహం తీసిన బొమ్మ చూసి గీశారు. ఆరుబయట వరుసగా పరిచిన మనిషెత్తు రాళ్లు పైనుంచి వాళ్లకు ఎలా కనిపించాయో, ఆ వీధి మీద శ్మశానం అని రాశారు. పటం చూసిన శిల్పి నారాయణాచారి గారు నేరుగా మా గదిలోకి వచ్చి, "ఏంది సార్, మేము దేవుళ్లను చేస్తాంటే మీరు మమ్మల్ని పూడ్చిపెడ్తారా?" అని అడిగారు. (నవ్వులు) ఆచారి గారూ, మీరు కూడా నవ్వుతున్నారు. ఆ రోజు నవ్వలేదు.

శ్మశానం అన్న మాట చెరిపేయడం తేలికే. దాని బదులు ఏ రంగు వేయాలన్నదే కష్టం. పసుపు వేస్తే ఇళ్లుంటాయి, రాతిపని చట్టవిరుద్ధం అవుతుంది. ఊదా వేస్తే పని ఉంటుంది, కొడుక్కి పెళ్లి చేసి పైన ఒక గది వేసుకుంటామంటే అనుమతి రాదు. ముందు వసారాలో విగ్రహం, వెనక గదిలో ఉయ్యాల ఉండే వీధి అది.

సారు అలవాటు ప్రకారం పక్కింటికి వెళ్లారు. అది కమలాక్షమ్మ గారి ఇల్లు. కోత మిషన్ మొదలైనప్పటి నుంచి ఆగేదాకా ఆ అరుగు మీదే కూర్చుని లేచేసరికి రాతి దుమ్ముకు ఆయన నల్ల బూట్లు బూడిదరంగుకు తిరిగాయి. టీచరు గారి దగ్గు ఆ రోజే మేం విన్నాం. ఒక్క ఫిర్యాదైనా ఎందుకు రాయలేదని అడిగితే, "ఆ వీధి పిల్లోళ్లంతా నా దగ్గర అక్షరాలు దిద్దినోళ్లు. నా చేత్తో వాళ్ల మీద ఎట్ల రాసేది?" అన్నారు.

సారు ఆచారి గారిని అక్కడికే పిలిపించారు. "ఆచారీ, నీ దేవుడు బాగుండాడప్పా. ఈమె దగ్గే బాగలేదు."

ఆచారి గారు అరుగు కింద నిలబడిపోయారు. "టీచరమ్మా, ఒక్క మాట చెప్పుండకూడదా?"

"చెప్తే నీ పొయ్యి ఆరిపోతాది కదప్పా."

ఆ అరుగు దగ్గరే ఒక దారి దొరికింది. కోత మిషన్లన్నీ హైవే పక్క షెడ్లకు పోవాలి. వీధిలో ఇల్లూ, ఉలిపనీ రెండూ ఉండవచ్చు. ఈ రెండు మాటలూ కలిపి ఒకే నియమంగా పటంలోకి ఎక్కాలి. సారు అలాగే రాసి పెట్టారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది వీడ్కోలు సభలో చెప్పవలసిందో కాదో నాకు తెలియదు. (విరామం) కమిషనర్ మేడమ్, మొన్న సమీక్షలో మీరు, పసుపే వేసేద్దాం, పని సంగతి మనం చూడనట్టు ఉంటే ఎవరికీ నష్టం లేదు అన్నారు. మీరు దయతోనే అన్నారని నాకు తెలుసు. నేను తల ఊపాను. ఆ సాయంత్రం బస్సులో సారు నాతో, "చూడనట్టు ఉండేది దయ కాదమ్మా. ఈ పొద్దు మనం చూడం. రేపు ఇంకొకరొచ్చి చూస్తారు. ఆ వచ్చేవాని మంచితనం మీద వాళ్ల బతుకు ఆధారపడాల్నా?" అన్నారు. మనం చూడనట్టు ఉంటే వీధి భయంతో బతుకుతుంది, దుమ్ము కూడా అలాగే ఉంటుంది. క్షమించండి మేడమ్, సోమవారం నేను పసుపుకు ఒప్పుకోను. సారు రాసిన నియమాన్నే అడుగుతాను. ఒప్పుకోవడం మీ ఇష్టం. మాట్లాడనివ్వండి, అంతే.

కమలాక్షమ్మ గారూ, మీ సంగతి నేను చెబితే అది కాగితం మీద ఒక వాక్యం అవుతుంది. మీరు వచ్చి చెబుతారా?

(వెనక వరుసలో కమలాక్షమ్మ గారు లేచి నిలబడ్డారు. "రాసేది లేదు గానీ పాపా, నోటితో అయితే చెప్తా. నా పిల్లోళ్ల ముందరే చెప్తా." నారాయణాచారి గారు, "నేనే ఆటో తెస్తా టీచరమ్మా" అన్నారు. చప్పట్లు.)

మేడమ్ తల ఊపారు. నాకు ఇక్కడినుంచి కనిపించింది. కృతజ్ఞతలు మేడమ్.

సార్, మీరు మాత్రం సోమవారం రావద్దు. మీరొస్తే నేను మీ ముఖం చూస్తూ మాట్లాడతాను, అప్పుడు ఆ మాట మీదే అవుతుంది. ఇంట్లోనే ఉండండి, చాలా ఏళ్లుగా చల్లారిన అన్నం తిన్నారు, మస్తాన్‌బీ అమ్మతో కలిసి వేడిగా తినండి. ఏం తేలినా సాయంత్రం నేనే మీ ఇంటికి వచ్చి చెబుతాను.

ఇంతసేపు ఓపికపట్టిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.