వలకి సిల్లెట్టిన మసేను

మసేనని ఉన్నాడు, మన రేవులోనే. సొంత మరబోటు, దాన్ని నడిపీ సరంగూ ఆడే, రొయ్యల ఏట. ఆడి కూతురు రావులమ్మ పురిటికొచ్చి ఆడపిల్లని కందంట. పిల్ల బాగానే ఉంది గానీ తల్లికి పాలు పడ్లేదు. బాలింతకి పాలసొర వండిపెడితే పాలొత్తాయని మనోళ్ళంటారు గదా, మీ అమ్మలూ తినుంటారు. ఏమైందంటే, మసేను పెళ్ళాం బండెమ్మ రేవంతా తిరిగినా ఒక్క పాలసొర దొరకలేదంట. మా అమ్మ పురిటికి గంపల్తో వచ్చీవి, ఇప్పుడేటి ఇలాగయిపోనాది, నువ్వైనా ఒకటి తే మావా, పిల్ల ఏడ్సి ఏడ్సి గొంతు పోతంది, అందంట. తెత్తాన్లే అని మసేను ఏటకెల్లాడు.

వల ఈడ్సాడు, ఈడ్సాడు, పొద్దు నడినెత్తికొచ్చింది. వల పైకి లాగితే రొయ్యల మజ్జిన పాలసొర ఉందంట, బారెడు. బోటోళ్ళు సంబరపడ్డారు, సరంగూ, నీ మనవరాలి అదృష్టం అన్నారు. ఈడు దగ్గిరికెల్లి సూత్తే దాని కడుపు కదుల్తంది అనుకో. పాలసొర గుడ్లెట్టదు గదా, మనలాగే పిల్లల్ని కంటాది. ఆ బోటు సెక్కల మీదే ఒకటి, దానెనకాల ఒకటి, ఐదు పిల్లల్ని కనీసిందంట. జానెడు జానెడు పిల్లలు, తోకలాడించుకుంటా. రోజూ వల్లో సచ్చి పడతాంటే మనం పారబోసీవి ఇయ్యేనేటి అనుకున్నాడంట. రెండు సేతుల్తో ఎత్తి ఒక్కోదాన్నీ నీట్లో ఒగ్గాడు. ఈదుకుంటా పోనాయి. తల్లినీ ఒగ్గాడు, అది మాత్రం ఎల్లకిలా తేలిపోనాది. అంతసేపు వల్లో నలిగింది మరి.

ఉత్త సేతుల్తో ఇంటికొత్తే బండెమ్మ ఊరుకుంటాదేటి. సచ్చినదాన్ని కూడా నీళ్ళపాలు సేసొచ్చావా అంది. నా సెయ్యి రాలేదే, రేవులో పాలసొర ఎందుకు లేదో తెలిసింది, నా వల్లోనే అయిపోతన్నాయి, అన్నాడంట. ఇక బండెమ్మే కూతురికి ఎల్లుల్లి, మెంతులు నూరి పెట్టింది, ఎండు నెత్తళ్ళు వండింది. నాలుగో రోజుకి పాలు పడ్డాయి.

మసేను ఏం సేసాడంటే, కమ్మరోడి సేత ఇనప సువ్వల తడిక సేయించి వల్లోపల ఏటవాలుగా కట్టాడు, దాని మీద వలకి సిల్లెట్టాడు. రొయ్య సువ్వల సందులోంచి ఎనక్కి వల సంచిలోకి పోతాది, సొర సువ్వలకి తగిలి సిల్లులోంచి బయటికి పోతాది. సొంత వలకి కన్నమెట్టుకున్నోణ్ణి నిన్నే సూసాం సరంగూ అని బోటోళ్ళు ఒకటే నవ్వు. తొలిరోజు సిల్లు మరీ పెద్దదయి సగం రొయ్యలు పోనాయంట కూడా. బండెమ్మే కూకుని సిల్లు మీద వలముక్క రెప్పలాగ కుట్టింది, సొర తోత్తేనే తెరుసుకునీలాగ. మర్నాడు వల పైకొత్తంటే సిల్లులోంచి నల్లగా ఏదో జారి, తోకతో నీళ్ళు కొట్టి పోనాది. అందరూ సూసారు. రొయ్యలు మాత్రం నలక్కండా నిగనిగలాడతా వచ్చాయి, మీద పెద్ద సేపలు పడలేదు గదా. అది సూసి పక్కబోట్లోళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి, బండెమ్మొదినా, మాకూ ఆ కుట్టు సూపించు అన్నారంట.

ఇప్పుడు పాలసొరలు కుప్పలుగా వచ్చెత్తన్నాయని సెప్పను, అబద్దం ఎందుకు. ఒకటీ అరా గాలానికి పడతన్నాయి. అయ్యి ఎక్కడ పిల్లల్ని కంటాయో మసేనుకి బాగా తెలుసు. నాను ఆడికి బావమరిదిని, ఆ సోటేదని మూడేళ్ళనించి అడుగుతన్నాను. నవ్వుతాడు గానీ సెప్పడు.