గంపకు పూసిన పూత

ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక గల్లీ. ఎస్తేరమ్మ ఇంటి వాకిట్లో ఆమె, ఆమె చెల్లెలి కొడుకు జయరాజ్.

“నా గంప నీకెందుకు బిడ్డా? సంచులకు కొత్త పూత కనిపెట్టినోనివి, పాత గంపతోని ఏం పని?”

“జర ఇయ్యి పెద్దమ్మా. రేపటిదాంక నా దగ్గర ఉండనియ్యి.”

“రేపేముంది?”

“పేటెంటు ఆఫీసు సారు వీడియో కాల్‌ల మాట్లాడుతడు. చింతగింజల పూత ముందుగాల్నే ముగ్గురు కనిపెట్టిండ్రట. నీ దాంట్ల కొత్తేంది, సూపియ్యి అంటుండు.”

“మరి సూపియ్యి.”

“వాళ్లు మామూలు నీళ్లతోని కలిపిండ్రు. తడి తాకితె ఊడుతది. నేను పసుపు ఉడుకవెట్టిన నీళ్లు పోసిన. ఊడది, పురుగు పట్టది. గదే కొత్త అని రాసిన.”

“మంచిగ రాసినవ్. గీ గంపకు గదే పూత పూసి పన్నెండేండ్లాయె, ఒక్క పెచ్చు ఊడలే. గిది గూడ సూపియ్యి, సారుకు నమ్మకం కుదురుతది.”

“వద్దు.”

“నన్ను జెప్పమంటె నేను జెప్త. మా అవ్వ గూడ గిట్లనే...”

“వద్దంటున్న గద పెద్దమ్మా.”

“ఏమైందిరా? మొకం దించుకున్నవ్.”

“ముందుగాల ఎవలన్న జేసిండ్రని తెలిస్తె పేటెంటు ఇయ్యరు.”

“ఎవలన్న అంటె... నేను గూడనా?”

“ఊఁ.”

“ఏం రాసిచ్చినవ్ జయరాజూ?”

“ఎవ్వలు జెయ్యలే అని. కాలేజి ల్యాబుల నేనే కనిపెట్టిన అని. సంతకం గూడ వెట్టిన.”

“చిన్నగున్నప్పుడు కడాయి కాడ కూసుండి, పూతల గా పసుపు నీళ్లు ఎందుకు పోస్తున్నవ్ పెద్దమ్మా అని అడిగినవ్ గద.”

“యాదికుంది. నీ మొకం సూడాలంటె సిగ్గయితుంది. గని మూడేండ్ల కష్టం. పేటెంటు వస్తెనే సంచులు జేస్తమని కంపెనీ వాళ్లన్నరు. గీ గంప దాస్తె ఎవ్వలకు తెల్వది.”

“గందుకు వచ్చినవా. సరే, తీస్కపో. నీ కష్టం నేనెందుకు చెడగొడ్త.”

“కోపమచ్చిందా?”

“కోపమేం లేదు. ఒక్కటి జెప్పు. వచ్చే పసుపు పంటకు ఇంకో గంపకు పూసుకోవాలె నేను. అప్పుడు నిన్ను అడిగి పూసుకోవాల్నా?”

“గట్లెందుకు అడుగుతున్నవ్ పెద్దమ్మా?”

“తెల్వక అడుగుతున్న బిడ్డా. అడగాల్నా?”

“అడగాల్సింది నేను, పెద్దమ్మా. గంప ఇటియ్యి. దాసెటందుకు గాదు, రేపు సారుకు నేనే సూపిస్త.”