విరిగిన కమాన్ కట్టలు

దవాఖానలో రోగులను గేటు నుంచి వార్డుకు చేరవేసే బ్యాటరీ బండి మట్టెవాడ షెడ్డులో జాకీల మీద ఉంది. మెకానిక్ నయీముద్దీన్ దాని కింద దూరి, పక్కనే నిలబడ్డ డ్రైవర్ మొగిలిని కసురుకున్నాడు.

"కుదుపు ఆపే కమాన్ కట్టలు రెండు దిక్కుల ఇరిగినయ్. కొత్తయే ఎయ్యాలె. ఎట్ల తోలినవ్ మొగిలన్నా?"

"గుంతలల్ల పడ్డది, భాయ్."

"నువ్వా? వదినకు బొక్కలల్ల క్యాన్సర్, జర కుదుపు గూడ తట్టుకోదని నడకకన్న మెల్లగ తోలెటోనివి!"

"క్యాంటీన్ మూల కాడ గుంత ఉంటది సూడు. ఎంత పైలంగ దించినా, ఆడికి రాంగనే మీ వదిన 'అయ్యో అవ్వా' అని మొత్తుకునేది."

"అవ్, చెప్పినవ్."

"మొన్న ఎన్క సీట్ల పండవెట్టి తీస్కపోతాన. ఆ గుంతల దిగి ఎక్కినం. సప్పుడు లేదు."

నయీముద్దీన్ చేతిలో పానా ఆగిపోయింది. కసురుకున్నందుకు నాలుక కరుచుకున్నాడు.

"ఎన్కకు మర్రి సూస్తివా?"

"సూడబుద్ధి కాలే, భాయ్. జోరు పెంచిన. కనవడ్డ గుంతలన్నిట్ల కావాల్నని దించిన. ఒక్కపారన్న మొత్తుకుంటదేమోనని."