వెనిస్‌లో చిన్న పడవ

మద్రాసు నుంచి వచ్చిన సరుకు ఓడలో తండ్రీ కొడుకులిద్దరూ ఖలాసీలు. ఓడ వెనిస్ రేవులో ఆగిన రోజు, ఊరు చూపిస్తానని కొడుకు తండ్రిని బయలుదేరదీశాడు. అక్కడ వీధులకు బదులు కాలవలు, కాలవల నిండా పడవలు.

“ఎక్కు నాయనా. ఈ పడవోడు ఊరంతా తిప్పుతాడంట.”

“నేను నడిచే చూస్తాలే అబ్బయా.”

“ఇన్ని సముద్రాలు దాటొచ్చినావు, ఈ కాలవకు భయమా?”

“ఓడ వేరు. అందులో నీళ్లు చేతికందవు. చిన్న పడవెక్కి ఎన్నేళ్లయిందో నీకు తెలవదా?”

కొడుక్కి తెలుసు. పులికాటు సరస్సు మీద గాలివాన చిన్నకొడుకును తీసుకుపోయిన నాటి నుంచి తండ్రి పడవ ఎక్కలేదు.

“పోనీలే, నడుద్దాం. తమ్ముడైతే ఈపాటికి పడవోడి చేతిలో తెడ్డు లాక్కొనుండేవాడు.”

తండ్రి చాలాసేపు నీళ్లకేసి చూశాడు. తర్వాత వంగి బూట్లు విప్పాడు.

“ఈ చలిలో అవెందుకు విప్పినావు? పడవోడు నవ్వుతున్నాడు.”

“నవ్వనీ. బూట్లతో ఎక్కితే గంగమ్మ ఊరుకుంటుందా? నువ్వూ విప్పు.”

పడవ అంచును తాకి కళ్లకద్దుకుని, ముందుగా తనే ఎక్కాడు.

“నేనీ పక్కన కూచుంటా నాయనా.”

“ఆడ వద్దు. నడిమధ్యన కూచో. అంచున నేనుంటా.”