ఎనిమిదడుగుల నాన్న

హలో… ఆ, నేనేనే, దేవీ. మీ అమ్మనే. ఈ ఫోను నేను గాక ఇంకెవలు ఎత్తుతారు…

బాగానే ఉన్నాను… తిన్నాను… సేప కాదు, పప్పే. సేపల బేరానికి ఎల్లలేదు. మూడు రోజులై ఎల్లలేదు… ఒంట్లో బాగానే ఉన్నాది. ఒగ్గీ ఆ సంగతి.

నువ్వెక్కడున్నావు… శ్రీకాకుళంలోనే, తెలుసు. హాస్టల్లోనా, ఆ కంప్యూటరు సెంటర్లోనా… ఎనకాల ఎవలో నవ్వుతన్నారు… సింధూరి అనీ పిల్లా. ఆదోరం నాడు నీతో ఫోనులో మాటాడింది, ఆ పిల్లేనా… ఊరికే అడిగినాను.

ఏటి… మంచి కబురా. ఉండనీ. నీ కబురు తరవాత. ముందర నేనడిగీది సెప్పు.

మీ అయ్య నీకు ఫోను సేసినాడా…

సెయ్యలేదు. ఆ… నాకూ సెయ్యలేదు. గుజరాత్ ఎల్లి వీరావల్లో బోటెక్కి ఇయ్యాలకి పద్దెనిమిది రోజులు… తెలుసే. సముద్రంలో ఉంటే అందదు, ఏట ముగించి ఒడ్డుకొస్తేనే అందుతాది. పాతికేళ్ళై ఏటాడీవాడికి పెళ్ళాన్ని, నువ్వా నాకు సెప్పీది…

కోపం కాదు… కాదంటన్నాను గదా.

సరే గాని, నువ్వక్కడ ఏటి నేర్సుకుంటన్నావో మళ్ళీ ఓపాలి సెప్పు… ఫోటోషాపు… ఆ… ఎబ్ డిజైను. ఎబ్బంటే వల అన్నావు గదా ఆ రోజు. మీ అయ్య ఎంత నవ్వినాడు, మనింట్లో లేని వల శ్రీకాకుళం ఎల్లి నేర్సుకోవాలా అని. నేనూ నవ్వినాను. ఇప్పుడు నవ్వు రాదు… ఏటా? మూడు నెలలు డబ్బుల్లేకుండా నేర్పుతారు, డబ్బుల్లేకుండా కూడెడతారు. ఎర లేకుండా గేలం ఎవలేస్తారే…

గవర్మెంటోళ్ళు కానీ, ఎవలైనా కానీ.

దేవీ… ఆదోరం నువ్వింటికొచ్చినప్పుడు దొడ్డికాడ నిల్చుని ఆ పిల్లతో మాటాడినావు. ఏటి మాటాడినావు…

పని గురించా. ఏ పని…

నేనిన్నాను. గిన్నెలు తోముతన్నదాన్ని, నీళ్ళ సప్పుడు ఆపీసి మరీ ఇన్నాను… పిల్ల మాటలు తల్లి ఇనకూడదని ఎక్కడ రాసున్నాది?

నువ్వేటన్నావో నేను సెప్పనా. ‘నాన్న కన్ను మూసీసేక దండ బాగా కనపడతన్నాది’ అన్నావు. ‘మా అమ్మకి తెలీకూడదు’ అన్నావు.

…

దేవీ. ఉన్నావా…

ఏడుస్తన్నావా… నవ్వుతన్నావా? నవ్వొస్తందా నీకు?

ఆగు. నన్ను సెప్పనీ. అప్పుడు నువ్వు నీళ్ళు పోసుకోడానికి ఎల్తే నీ సంచీ సూసినాను… అవును, సూసినాను. అందులో కాయితం ఉన్నాది. మీ అయ్య మొకం. కింద దీపం. సుట్టూ బంతిపూల దండ. నాకు అచ్చరాలు రావు గాని, దండ సదవడానికి అచ్చరాలెందుకే. మెడలో దండుంటే పెళ్ళి, పటానికి దండుంటే సావు. అంతే గదా.

అంకెలు నాకొచ్చు, బేరం సేసీదాన్ని. కింద రెండు తేదీలున్నాయి. ఒకటి మీ అయ్య పుట్టింది, ఆధార్ కార్డు మీద ఉన్నదే. రెండోది మొన్న ఆదోరం తేదీ…

అబద్ధమా. మరి లక్ష్ముడు సోమారం పొద్దున్నే ఎందుకొచ్చినాడు? మీ బాబాయి నేను పది పాలీలు పిలిస్తే గాని రాడు. పిలవకుండా వచ్చి, ఇంటి కప్పు సరిసేసి, నా మొకం సూడకుండా ఎల్లిపోనాడు… నువ్వు సెప్పినావా? వాన కురిస్తే అమ్మ తడుస్తాదని… ఏమో, నాకు సెప్పలేదు గదా.

మరి పక్కింటి భారతి? నిన్న రొయ్యల కూర తెచ్చిచ్చినాది. ఇన్నేళ్ళలో గిన్నె పట్టుకెల్లడమే గాని, నింపి తెచ్చిచ్చింది ఎప్పుడైనా ఉన్నాదా? నేను తినలేదు. ఆ కూర సూస్తే భయమేసినాది… భారతి మొగుడికి జీతం పెరిగినాదా. నీకెలా తెలుసు… ఆహా.

అన్నిటికీ నీ దగ్గర జవాబున్నాది. అందుకే అనుమానం.

…

సెప్పు. ఇంటన్నాను. మెల్లిగా సెప్పు, కంప్యూటరు మాటలొద్దు.

… ఒక్కో బొమ్మ ఒక్కో కాయితం మీద… ఆ… ఒకదాని మీద ఒకటి… దాన్నేటంటారు? లేయరు. సేపల పెట్టిలాగన్నమాట. అడుగున ఐసు, మీద సేప, సేప మీద మళ్ళీ ఐసు… అదేనా? మరి అలగ సెప్పొచ్చు గదా… ఆ… ఒక్కోదాని పక్కన ఒక్కో కన్ను బొమ్మ ఉంటాది. ఆ కన్ను నొక్కితే మూసుకుంటాది, ఆ కాయితం కనపడదు… సచ్చిపోడం కాదు. కనపడదంతే… మళ్ళీ నొక్కితే వచ్చెస్తాది.

అలగ కన్ను మూసి మళ్ళీ వచ్చినోళ్ళని నేనెక్కడా సూళ్ళేదే.

మీ అయ్య బొమ్మ అడ్డొస్తందని దాని కన్ను మూసి దండ దిద్దినావా… దానికి కన్ను ముయ్యడం అని ఎవలన్నారు… మీ సారా. ఆ సారుకి తెలుగులో ఇంకో మాట దొరకలేదా? దాసీమనొచ్చు, ఎనక్కెట్టీమనొచ్చు. కన్ను ముయ్యమంటాడా పిల్లలచేత…

పిల్లలందరూ అలాగే అంటారా. ‘మా తాత కన్ను మూసీ, ఎనకాల గోడ కన్ను తెరిసీ’… మీ క్లాసు బయట నిల్చున్నోళ్ళు ఏటనుకుంటారో.

సరే, కన్ను సంగతి కాసేపు ఒప్పుకుంటాను. దండెందుకేసినావు?

… దుకాణపాయన పరీచ్చ ఎట్టినాడా. ఏ దుకాణం… ఫ్లెక్సీలు కొట్టీ దుకాణం. ఏడురోడ్ల కాడ… శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి సేసి తెస్తే పనిస్తానన్నాడా… పెళ్ళి ఫ్లెక్సీ సెయ్యమనొచ్చు గదా, శుభమా అని… మూఢంలో పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, సావులాగవు అన్నాడా. మాట కఠినంగా ఉన్నాది గాని… నిజమే.

లోకంలో ఇన్ని మొకాలుండగా మీ అయ్య మొకమే దొరికినాదా నీకు…

ఇంకొకల మొకమెడితే ఆ ఇంటోళ్ళొచ్చి కొడతారు… మీ అయ్యయితే కొట్టడు… అందుకని సంపీసినావా.

… ఏడవకు… నీ ఫోనులో పెద్ద ఫోటో అదొక్కటే ఉన్నాదా. బేంకు పుస్తకానికి తీయించిందా… ఎప్పుడూ ఉంచుకుంటావా అది… సరే. సరే, ఏడవకు.

మరి ఆ ఆదోరం తేదీ?

… ఆ రోజు పొద్దున్న సెంటర్లో సేసి ఇంటికొచ్చినావు గాబట్టి ఆ రోజు తేదీ ఎట్టినావా. ఓలమ్మా. సేసిన రోజెట్టీది సావు మీదేటే, పచ్చడి సీసా మీద గదా.

…

సింధూరికియ్యి ఫోను… ఇయ్యంటన్నాను.

అమ్మా సింధూరీ. బాగున్నావా తల్లీ… మీదేవూరు… బొబ్బిలా. వీణలు సేస్తారు, అక్కడా… మీ నాన్నగారేటి సేస్తారు… కిరానా కొట్టా. మంచిది. నీకూ పరీచ్చ ఎట్టినారా… నువ్వెవలికి దండేసినావు… మీ తాతకా. ఉన్నారా ఆయన… పోయి ఆరేళ్ళయ్యిందా. సూసినావా, నువ్వు బుద్ధిమంతురాలివి. దేవి సెప్పింది నిజమేనా… కూర్మనాథుడి మీద ఒట్టెయ్యి… ఎయ్యి, పర్లేదు… ఆ. దానికియ్యి.

దేవీ. ఒట్టేసినాది. కోమట్లమ్మాయి, దేవుడి మీద ఉత్తినే ఒట్టెయ్యదు… నమ్మినాననలేదు. ఒట్టేసినాదన్నాను, అంతే.

ఏటీ… మూడు రోజులై ఎందుకడగలేదా?

…

అడిగితే నువ్వు సెప్తావు గదే. సెప్తే నేను బొట్టు తియ్యాల. నువ్వు సెప్పనంతసేపూ నా బొట్టు నా మొకాన ఉంటాది. అందుకే అడగలేదు. పొద్దున్న లేచి అద్దంలో సూసి, ఇంకో పూట ఉంచుకుందాం, ఇంకో పూట ఉంచుకుందాం… అని. బేరానికెల్తే ఎవలైనా ఆ మాట అంటారని ఎల్లలేదు. నీ ఫోనొస్తే ఎత్తకూడదనుకున్నాను. మూడు పాలీలు మోగినాక ఎత్తినాను.

… ఊరుకో… నేనేడవడం లేదు. ముక్కు దిబ్బడేసినాది.

ఊరుకోమన్నాను గదా. సెప్పు, నీ మంచి కబురేటి…

పనిచ్చినాడా? నిజంగా… ట్రైనింగైన మర్నాటి నుంచి… ఇరవై మందిలో నిన్నే తీసుకున్నాడా. నీ దండ నచ్చినాదా… పువ్వు పువ్వుకీ నీడెట్టినావా… ఎవలకొస్తాదే అంత ఓపిక. మీ అయ్యకే, వల అల్లితే ముడి ముడికీ ఆగీవాడు…

బాగున్నాది. మంచిదే. మా వంశంలో నీడ పట్టున కూకుని పని సేసినోళ్ళు లేరు… సంతోషమే. నా మొకం కనపడితే తెలిసీది నీకు.

ఆ కాయితం సించీ మరి… ఆ కంప్యూటర్లోది కూడా తీసీ. దీపం తీసీ, తేదీ తీసీ, మీ అయ్యనొక్కణ్ణీ ఉంచు…

ఏటలా నసుగుతన్నావు.

… ఆ ఫ్లెక్సీ ఎక్కడ కట్టినాడు?

దుకాణం ముందరా. రోడ్డు మీదా… శాంపిలంటే?… వచ్చీపోయీవాళ్ళు సూసి, ఇలాంటిదే మాకూ కావాలంటారనా… ఎంతుంటాది… ఎనిమిదడుగులా? మీ అయ్య అయిదున్నరే.

ఎప్పుడు కట్టినాడు… ఇయ్యాల పొద్దున్నే. దేవీ, ఏడురోడ్ల మీంచే గదే మనూరి ఆడోళ్ళు సేపల గంపల్తో ఎల్లీది. మీ గున్నమ్మత్త రోజూ ఆ దారినే గదా… నాకు సెప్పకపోతే పర్లేదు, ఆవిడకేనా సెప్పినావా…

ఉండు… ఉండు ఒక్క నిమిషం. బయటేదో ఏడుపు ఇనపడతన్నాది.

… గున్నమ్మొదినే. ఆటో దిగుతన్నాది. గంప లేదు సేతిలో. గుండెలు బాదుకుంటన్నాది, ఎనకాల నలుగురు ఆడోళ్ళున్నారు…

నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు. ఆవిడ మీ ఫ్లెక్సీ సూసి ఏడుస్తందో… బోటు ఓనరు కాణ్ణించి కబురొచ్చి ఏడుస్తందో, నాకెలా తెలుస్తాది… ఆవిడ తమ్ముడు గదే. కబురొస్తే ముందర ఆవిడకే వస్తాది…

మాటాడకు. లైన్లోనే ఉండు.

ఒదినా. ఆగు. నన్ను ముట్టుకోకు. నా బొట్టు జోలికి రాకు. ముందర సెప్పు… ఏడుపాపి సెప్పు. నువ్వు కళ్ళతో ఏటి సూసినావు, సెవుల్తో ఏటి ఇన్నావు…

… ఏడురోడ్ల కాడ… ఆ… బొమ్మ… ఎంత బొమ్మ… దండ… ఇంకేటి? ఫోనొచ్చినాదా నీకు? ఓనరు ఫోను సేసినాడా… సెయ్యలేదా. బొమ్మే సూసినావా. బొమ్మొక్కటేనా…

…

దేవీ. బొమ్మేనంట.

… ఆ, కూకున్నాను. గుమ్మం మీద కూకున్నాను.

…

నువ్వు ఎంటనే పో. ఇప్పుడే. ఆ దుకాణపాయనకి సెప్పి దింపించు… ఏటా, దండ తీసి మళ్ళీ కొట్టిస్తావా? వద్దు. సింధూరీ వాళ్ళ తాతని కట్టమను. ఆయనకి నష్టం లేదు.

గున్నమ్మత్తకా… సెప్తన్నాను, ఇనట్లేదు. లేయరని సెప్తే ఈవిడకేటి తెలుస్తాది… నువ్వు మాటాడినా ఇనదు. నన్ను పట్టుకుని, పిచ్చెక్కినాది దీనికి అంటన్నాది. నలుగురూ కూకున్నారు. అందరూ ఏడుస్తన్నారు… ఏటి సెయ్యమంటావు, ఏడవనీ. నేనొక్కదాన్నీ ఏడవకుండా కూకుంటాను. లోకం ఏటైనా అనుకోనీ.

నేనా…

నేను నమ్మినాననుకున్నావా. నీ కన్నూ నిజమే కావొచ్చు, నీ ఉద్యోగమూ నిజమే. సింధూరి ఒట్టూ నిజమే. గాని పద్దెనిమిది రోజులు కూడా నిజమే గదే తల్లీ. మీ అయ్య గొంతు ఇన్నాకే నమ్ముతాను.

… ఆడి ఫోనొస్తాది. ఇయ్యాల కాపోతే రేపు.

ఇంక ఫోను పెట్టీ దేవీ… తిట్టడం కాదు. పెట్టీ. ఆడు సేసినప్పుడు నా ఫోను ఖాళీగా ఉండాల.