నా దిక్కు గోడకు ఒక స్విచ్చు

గా గీత మీద ఉలి పెట్టకు, ఖాసిం అన్నా. జర ఆగు. గది మా బిడ్డ మాలతోళ్ల నాయిన గీసిన గీత. నన్ను అడిగి గీసింది కాదు.

నువ్వు నా దిక్కు తిరగకు, గోడ దిక్కే సూడు. నేను నీ యీపుకు చెప్త. మొకం సూస్తె నాకు మాట రాదు, నీకెరుకనే గద. నువ్వు ఈ కొత్తింటికి కరెంటు పనికొచ్చి మూడు దినాలాయె, చాయ్ గ్లాసు గూట్ల పెట్టి పోతున్న గాని తాగమని గూడ అనలే.

ఇప్పుడు గాయన వైరు తేనీకె గద్వాలకు పోయిండు. రేపు గోడలకు ప్లాస్టరింగు. ఇయ్యాల తొలువకపోతె ఇంక నేను సచ్చేదాంక ఈ గోడను ఎవలు తొలువరు. అందుకే నోరు తెరిసిన.

నిన్న గాయన ఏం జేసిండో సూస్తివి గద. మంచమింకా రాలే. ఈ అర్రల ఉత్త నేల మీద సిమెంటు సంచి పర్సుకొని ఎల్లకిల పండుకునె. తలకాయ మీదికెంచి కుడిచెయ్యి గోడకు సాపె, సుద్దముక్కతోని గీకె. ఈడ లైటు, ఈడ ఫ్యాను, ఈడ సెల్లుకు ప్లగ్గు, ఈడ దోమల మిషిన్. అన్ని గాయన చెయ్యి అందేకాడ. నువ్వేమో "సరె పటేలా, సరె పటేలా" అనుకుంట గీత మీద గీత దిద్దితివి.

ఎడమ దిక్కు పండుకునేది ఎవలన్నా మరి? దయ్యమా?

"నాకేది" అంటి. నా గొంతు ఎంతుంటది, నీకు ఇనబడలే గావచ్చు. గాయనకు ఇనబడ్డది. "నీకెందుకే, నువ్వు పండుకోంగనే గుర్రు పెడ్తవ్ గద" అనె. నువ్వు నవ్వితివి. నవ్వలేదంటవా? నీ భుజాలు ఊగినయ్, నేను సూసిన.

గుర్రు పెట్టేది నేను కాదు. గది గూడ రాసుకో.

పాతింట్ల స్విచ్చులు తలుపు కాడుండె. ఇరవై ఆరేండ్లు. లేసేది ఎవలు? గాయనకు ఎండకాలంల గూడ సలే. ఫ్యాను తిరిగితె ముక్కు బిగుస్తదట. "బంజెయ్‌వే" అంటడు, లేస్త, బంజేస్త. నాకు ఉడుకపోస్తది, మల్ల లేస్త, ఏస్త. మంచం కాడికి వచ్చేలోపల్నే "మల్ల ఏస్తివా" అంటడు. మల్ల పోత. మా బర్రె గూడ గుంజ సుట్టు అన్నిసార్లు తిరగదు.

ఏందీ? అంత ఉడుకపోత ఏందంటవా?

గదే చెప్పనీకె నిన్ను గోడ దిక్కు సూడమన్న.

రెండేండ్ల సంది నాకు... ఎట్ల చెప్పాలె. ఆడోళ్లకు నెలనెల వచ్చేది నాకు నిలిచిపోయింది. అయిపాయె, చెప్పేసిన. నువ్వు సుత్తెతోని ఏదన్న ఒకటి కొట్టుకుంట ఉండు, జర నిమ్మలంగ ఉంటది నాకు.

గప్పటి సంది ఉన్నట్టుండి ఒంట్ల మంట లేస్తది. కడుపులకెల్లి మెడకు, మెడకెల్లి నెత్తికి. పొయ్యిల నిప్పులు మింగినట్లుంటది. జాకీటు తడిసి యీపుకు అతుక్కుంటది. జర సేపుంటది, పోతది, పాయె అనుకునేలోపల మల్ల వస్తది. నా పక్కకు గాయన గొంగడి కప్పుకొని ఉంటడు. ఒకటే మంచం మీద ఒకరికి మాఘమాసం, ఒకరికి రోహిణి కార్తె.

దవాఖానకు పోలేదా అంటవా? పోతి. డాక్టరు మా మాలతి ఈడోడు. "ఏమైందమ్మా" అనె. "మోకాళ్ల నొప్పులు" అంటి. నోట్లకెల్లి గదే వచ్చె, నేనేం జెయ్యాలె. నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి. ఒక ట్యూబు రాసిచ్చె. గా ట్యూబు ఇప్పుడు గాయన రాసుకుంటుండు. మస్తు పనిజేస్తున్నదట.

మాలతికి ఫోన్ల చెప్పబోతి. పక్కకు అల్లుడు దగ్గిండు. "అన్నం తిన్నరా బిడ్డా" అని పెట్టేస్తి. గిట్ల మొదలు చెప్తున్నది నీకే. ఎందుకంటె స్విచ్చు పెట్టేటోనివి నువ్వు. డాక్టరు పెట్టడు గద.

మీ ఇంటామె హుసేన్‌బీ వదినెది గూడ నా ఈడే. నమ్మకుంటె ఆమెనడుగు. వద్దులే, అడగకు.

ఏందీ? ఆమె గూడ లేసి లేసి కూలర్ ముంగట కూసుంటదా? మరి నువ్వేమనుకుంటివి? చికెన్ ఎక్కువ తిని వేడి చేసిందనుకుంటివా?

గా కూలర్ స్విచ్చు ఎవల దిక్కున్నదన్నా?

సరె, సరె. ఊకెనే అడిగిన. తలకాయ దించుకోకు.

ఇగ అసలు సంగతి ఇను. వనపర్తిల మా మాలతి కిరాయింట్ల మెట్లున్నయి. బల్బు ఒకటే, స్విచ్చులు రెండు, కింద ఒకటి, మీద ఒకటి. కింద ఏసి, ఎక్కినంక మీద బంజేయొచ్చు. నాలుగుసార్లు ఎక్కి దిగి సూస్తి. "అమ్మా, ఏమన్న పోయిందా" అని అడిగె మా పిల్ల. గసుంటిది ఈ ఫ్యానుకు పెట్టు. గాయన దిక్కు ఒకటి, నా దిక్కు ఒకటి.

వైరు ఎక్కువ పడ్తదా? పడనీ. దోమల మిషిన్‌కు పడ్తది గాని నాకు పడొద్దా?

గాలి తక్కువ ఎక్కువ చేసే రెగ్యులేటరా? గది తలుపు కాడి బోర్డుల పెట్టు. గాయన లేసి ఆడిదాంక పోయేటోడైతె ఇన్నేండ్లు నన్నెందుకు లేపుతడు.

గాయన అడిగితె ఏం చెప్పాలెనంటవా?

సిద్ధాంతి చెప్పిండని చెప్పు. సిద్ధాంతి ఒక్క మాటంటె కట్టిన బాత్రూం కూలగొట్టిచ్చిండు గాయన, నువ్వే సూస్తివి. ఎడమ దిక్కు గాలి స్విచ్చుంటె ఇంటి యజమానికి ఆయుష్షట అను. నువ్వు సాయిబువి, నీకేం లాభం లేకుంటనే చెప్తున్నవని ఇంకింత నమ్ముతడు.

ఫోన్ జేసి అడుగుతడా? అవును, అడుగుతడు. గాయన సెల్ల సిద్ధాంతి నంబరు అన్నిటికంటె మీద ఉంటది. నాది ఎన్నడన్న ఎతికితె దొరుకుతది.

నువ్వు అబద్ధం ఆడనంటవ్. మంచిదే. నా గాలికి నీ పేరెందుకు ఖరాబ్ జేసుకుంటవ్.

అయితె గిట్ల చెప్పు. లలితమ్మ పెట్టమన్నదని చెప్పు. ఎందుకంటె నాకు తెల్వదు, ఆమెనడుగు అని చెప్పు. గాయన అడగడు. ఇరవై ఆరేండ్లల నన్ను ఎందుకని అడిగింది లేదు. అడిగిండనుకో, మోకాళ్లు అని మాత్రం చెప్పను.

మల్ల నవ్వుతున్నవేందన్నా? నేనేస్త, గాయన బంజేస్తడు, మల్ల నేనేస్త, తెల్లందాక గిదేనా కథ అంటవా?

గిదే. నోటితోని కొట్లాడనీకె నాకు ఎన్నడు చాతకాలే. గాయన ఒక్క మాటంటె లోపల యాభై మాటలుంటయి, ఒక్కటి బయటికి రాదు. గాని స్విచ్చు నొక్కే ఏలుకు సిగ్గెందుకుంటదన్నా? చీకట్ల మొకం సూసేది గూడ లేదు. ఇరవై ఏండ్లు సీడు పత్తి చేన్ల మొగ్గలు గిల్లిన ఏలిది, అంత జల్ది అలసిపోదు. ఒక్క స్విచ్చు ఇయ్యి సాలు, నా జన్మంల మొదటి కొట్లాట నేను పండుకునే కొట్లాడ్త.

ఇగో, గీడ కొట్టు. ఇంకింత కిందికి. ఆఁ, గాడ.

గాయన బండి సప్పుడొస్తున్నదా? రానీ. నువ్వు కొట్టుడు ఆపకు.